రుబ్బురోళ్ళ సీనియారిటీ

జీలుగుమెట్టకు వచ్చే దారి ఉంది గానీ, జీలుగుమెట్ట మీదుగా ఇంకెక్కడికీ పోయే దారి లేదు. గెడ్డపాలెం సంత వెనక మొదలైన ఘాటీ రోడ్డు తొమ్మిది మలుపులు తిరిగి, రొప్పుకుంటూ కొండెక్కి, వరహాలమ్మ పూటకూళ్ళ పాక ముందు చతికిలబడుతుంది. ఆ వెనక అంతా అడవే. కొండెక్కిన లారీ ఏదైనా ఆ పాక ముందున్న ఎర్రమట్టి జాగాలోనే మొహం తిప్పుకోవాలి. రెండుసార్లు ముందుకు, రెండుసార్లు వెనక్కి. మూడోసారి వెనక్కి వస్తే వరహాలమ్మ పొయ్యి మీదికి వస్తుంది.

ఆ ఊరికి పైకెక్కే సరుకు చాలా ఉంది. బియ్యం, కందిపప్పు, ఉప్పు, నూనె, సిమెంటు. కిందికి దిగే సరుకు మాత్రం చింతపండు ఒక్కటే, అదీ ఏడాదిలో నెలన్నర. ఆ నెలన్నరలో లారీవాళ్ళు సగం కిరాయికే పిలవకుండా వస్తారు. మిగతా రోజుల్లో ఖాళీగా దిగాలి కనుక రానూ పోనూ కిరాయి తీసుకుంటారు. అంతే దూరం మైదానంలో తోలితే సగానికే తోలుతారు, అటునుంచి ఏదో ఒక లోడు దొరుకుతుంది కాబట్టి. ఇది అన్యాయమని జీలుగుమెట్టలో ఎవరికీ తోచలేదు. కొండ ఎత్తుగా ఉండటం ఎంత అన్యాయమో ఇదీ అంతే అనుకున్నారు.

వరహాలమ్మ మొగుడు గవరయ్యకు ఒక పాత లారీ ఉంది. వారానికి రెండుసార్లు దిగి సరుకు తెస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా దిగుతూనే ఉన్నాడు, ఎక్కుతూనే ఉన్నాడు. అయినా అతను బయల్దేరిన ప్రతిసారీ వరహాలమ్మ గుండె తడబడుతుంది. చిన్నప్పుడు ఆమె తమ్ముడు అప్పన్న ఇలాగే ఒక లారీ ఎక్కి, ఇప్పుడే వస్తానని చెప్పి దిగాడు. ఆ ఇప్పుడు ఇంకా కాలేదు. అందుకని గవరయ్యకు ఒక షరతు పెట్టింది. కిందినుంచి లెక్కపెడితే ఏడో మలుపు దగ్గర బండి కొండ చాటుకు పోతుంది. అక్కడ ఒక్కసారి హారన్ కొట్టాలి. అది వినపడేదాకా పొయ్యి మీద అన్నం మాడినా ఆమె లోపలికి రాదు. ఆమె పాకలో అన్నం కొంచెం మాడు వాసన వేస్తుందని డ్రైవర్లందరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు కనుక ఎవరూ పేరు పెట్టరు.

ఆ చైత్రంలో, చింతపండు దిగడం అయిపోయిన వారానికి, కొండ మీదికి ఒక జీపు వచ్చింది. అందులోంచి సరుకు రవాణా సమగ్ర హేతుబద్ధీకరణ మండలి అదనపు సంచాలకులు జగదభిరాంగారు దిగారు. తెల్లటి బుష్ షర్టు, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీ. పై ఊళ్ళో తిండి పడదని ఎవరో చెప్పగా కింద అతిథిగృహంలో వండించుకుని తెచ్చుకున్నారు.

"అమ్మా, రవాణా శాస్త్రంలో స్థానగత ప్రతికూలత అని ఒకటుంది. మీ ఊరికి అది తీవ్ర స్థాయిలో ఉంది" అన్నారు, బల్ల మీద కూర్చుని క్యారేజీ విప్పుతూ.

"అదేటి బాబూ, జొరమా? పిల్లలకి కూడా తగులుద్దా?" అంది వరహాలమ్మ గాభరాగా.

"జ్వరం కాదమ్మా. మీ ఊరు ఉన్నచోట ఉండటమే ఆ సమస్య."

"మరేటి సేస్తాం బాబూ, మా తాతల్ది తప్పు."

జగదభిరాంగారు ఊరివాళ్ళను పిలిపించి మూడు గంటలపాటు ప్రశ్నలు వేశారు. కిరాయి ఎందుకు రెట్టింపో గవరయ్య రెండు ముక్కల్లో చెప్పాడు. "ఖాళీగా దిగాలి బాబూ. ఖాళీ బండి కూడా నూనె తాగుద్ది." ఆ రెండు ముక్కల్నీ ఆయన పదకొండు పేజీల్లో రాసుకున్నారు. ఆయన రాస్తుండగా వరహాలమ్మ క్యారేజీ కడిగి, తుడిచి, పై గిన్నెలో ఒక బెల్లం ముక్క వేసి మూత పెట్టి తెచ్చి ఇచ్చింది.

ఆయన కదిపి చూశారు. లోపల ఏదో కటకటలాడింది. "ఇదేమిటి? నేను ఖాళీ చేశానే."

"ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు బాబూ. మీ ఇంటికీ మంచిది కాదు, మా ఇంటికీ మంచిది కాదు."

జగదభిరాంగారి కలం ఆగిపోయింది. గిన్నె వైపు చూశారు. బయట మొహం తిప్పుకుంటున్న ఖాళీ లారీ వైపు చూశారు. మళ్ళీ గిన్నె వైపు చూశారు. "అమ్మా, ఆ మాట మళ్ళీ ఒకసారి అనండి" అన్నారు మెల్లగా. ఆమె అంది. ఆయన రాసుకుని, కింద రెండు గీతలు గీసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పాపం వరహాలమ్మ, ఆయనకు బెల్లం అంటే అంత ఇష్టం కాబోలు అనుకుంది.

రోహిణి కార్తె మొదటి రోజున ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు ఒక వెదురు గడ, ఒక మేజా, ఒక టార్పాలిన్, చెక్‌పోస్టు ఇన్‌స్పెక్టరు లింగమూర్తి వచ్చారు. లింగమూర్తి సన్నటి మనిషి, ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ ఉంటాడు. గడను రోడ్డుకు అడ్డంగా కట్టి, మేజా వెనక నిలబడి, ఊరంతా వినేలా చదివాడు.

"నిండుబండి ఉత్తర్వు. ఏ ప్రదేశం నుంచీ ఏ సరుకుల వాహనమూ ఖాళీగా బయల్దేరరాదు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరాదన్న మన ప్రాచీన రవాణా సూత్రాన్ని, జీలుగుమెట్ట వాస్తవ్యురాలైన ఒక వంటమనిషి నోట విని, ఈ మండలి తక్షణం అమలులోకి తెచ్చుచున్నది."

ఊరంతా వరహాలమ్మ వైపు తిరిగింది. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రతి మార్గానికీ ఒక ఖాళీ గుణకం నిర్ణయించబడినది" అని లింగమూర్తి కొనసాగించాడు. "మార్గం ఎంత పొడవైతే, ఊరు ఎంత మారుమూలైతే, అక్కడినుంచి దించవలసిన కనీస బరువు అంత ఎక్కువ. ప్రతికూలత అధికంగా ఉన్నచోట కృషి కూడా అధికంగా ఉండాలి కనుక."

"అంటే?" అన్నాడు గవరయ్య.

"మీకు గరిష్ఠం. బండికి మూడు క్వింటాళ్ళు."

"మూడు క్వింటాళ్ళు ఏటి దించాలి బాబూ? మా కాడ ఉంటే ఈపాటికి దించీ ఉందుం కదా?"

"అది ఉత్తర్వు పరిధిలో లేదు" అన్నాడు లింగమూర్తి, గొంతు సవరించుకుని.

ఇది మామూలు రోజుల్లో అయితే నవ్వుకునేవాళ్ళే. కానీ రోహిణి తరువాత వచ్చేది మృగశిర. మృగశిరలో వాన పడితే ఏడో మలుపు దగ్గర కొండ జారుతుంది. ఏటా జారుతుంది. మళ్ళీ దసరాకు గానీ దారి పడదు. కనుక ఈ పదిహేను రోజుల్లోనే నాలుగు నెలల తిండి కొండెక్కాలి. ఎక్కకపోతే ఊరు చింతగింజలు వేయించుకుని తినాలి. మా అమ్మమ్మ కాలంలో ఒకసారి తిన్నారని వరహాలమ్మ ఎప్పుడూ చెబుతుంటుంది. ఇప్పుడు ఆమె మాట వల్లనే ఆ రోజు మళ్ళీ వచ్చేలా ఉంది.

ముందు విడత సరుకుతో అప్పటికే గవరయ్యదీ, మరో ఎనిమిదీ, మొత్తం తొమ్మిది లారీలు పైకెక్కి ఉన్నాయి. సరుకు దింపాయి. ఇక దిగలేకపోయాయి. కింద ఉన్న లారీలేమో సంగతి విని ఎక్కేది లేదన్నాయి. ఎక్కితే దిగే దారి లేదు, ఎందుకొచ్చిన గొడవ?

గవరయ్య పాకలో మంచం వాల్చాడు. వరహాలమ్మకు మొదటిరోజు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ముప్పై ఎనిమిదేళ్ళలో దారి తెరిచి ఉండగా మొగుణ్ణి ఇంత తీరిగ్గా కళ్ళెదుట చూసింది లేదు. రెండో రోజు అతను ఉప్పు డబ్బా ఎడమవైపు ఎందుకుందని అడిగాడు. మూడో రోజు కుడివైపు పెట్టాడు. నాలుగో రోజు ఆమె పప్పులో ఉప్పు బదులు సోడా వేసింది.

"ఏటయ్యా, నువ్వెప్పుడు దిగుతావు?" అంది అయిదో రోజున. ఆ మాట తన నోట వచ్చినందుకు తనే అదిరిపడింది.

మొదట రాళ్ళు ఎక్కించారు. కొండ మీద రాళ్ళకేం కొదవ? లింగమూర్తి పుస్తకం తీశాడు. "రాయి సరుకు కాదు, ఖనిజం. గనుల శాఖ అనుమతి కావాలి." మట్టి ఎక్కించబోతే అది రెవెన్యూ శాఖదన్నాడు. ఎండుటాకులు అటవీ శాఖవి. "మరి సరుకంటే ఏటి బాబూ?" అని అడిగింది పక్కింటి సోములమ్మ. ఆమెకు నోరు పెద్దది, ఇల్లు చిన్నది.

లింగమూర్తి చదివాడు. "పంపేవారు ఒకరుండాలి, అందుకునేవారు ఒకరుండాలి, పంపిన వస్తువు పంపినవారి సొంతమై ఉండాలి."

సోములమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఊరి వైపు చూసింది. ఊళ్ళో సొంతమైన బరువు వస్తువు ఏదైనా ఉందీ అంటే అది ప్రతి పెరట్లో ఉన్న రుబ్బురోలే. తాతల నాడు ఆ కొండరాతితోనే చెక్కించినవి, ఒక్కొక్కటి క్వింటాలు తూగుతుంది. "ఒలే వరహాలూ, మీ ఆడపడుచు పైడమ్మ గెడ్డపాలెంలోనే కదా ఉంటది? దాని వాకిలి పెద్దదేనా?"

అలా జీలుగుమెట్ట నుంచి ఇరవై నాలుగు రుబ్బురోళ్ళు ప్రయాణం కట్టాయి. పంపేవారు ఇంటికొకరు. అందుకునేవారు అందరికీ పైడమ్మే. పొత్రం రోలులో భాగమా, వేరే సరుకా అన్న ప్రశ్న మీద లింగమూర్తి రెండు రోజులు పైకీ కిందికీ ఉత్తరాలు నడిపాడు. చివరికి పొత్రాన్ని "రోలుకు తోడుగా ప్రయాణించు అవయవము" అని నిర్ణయించి వదిలిపెట్టారు. బండికి మూడు చొప్పున ఎనిమిది లారీలు రోళ్ళతో దిగాయి. తొమ్మిదోది గవరయ్యది. దానికి రోళ్ళు మిగల్లేదు.

"నాది ఎప్పుడూ ఆఖరే" అని గవరయ్య మళ్ళీ మంచం వాల్చాడు. వరహాలమ్మ ఉప్పు డబ్బా పట్టుకుని పెరట్లోకి పోయింది.

కింద నుంచి ఆ రోజే సరుకు రావాలి. గెడ్డపాలెం గోదాములో జీలుగుమెట్ట పేర బియ్యం బస్తాలు ఎదురు చూస్తున్నాయి. సాయంత్రానికి ఎనిమిది లారీలూ పైకి వచ్చాయి. ఊరంతా బస్తాలు మోయడానికి పరుగెత్తింది. తలుపులు తీసి చూస్తే రోళ్ళు.

డ్రైవర్లు ఏం చేస్తారు? రేపు మళ్ళీ దిగాలంటే పైన లోడుండాలి. పైన దొరికే ఒకే లోడు రోళ్ళు. కనుక రోళ్ళు పైకి రావాలి. సరే, రోళ్ళు పోగా మిగిలిన జాగాలో బియ్యం వెయ్యొచ్చు కదా అంటే కింద చెక్‌పోస్టువాళ్ళు ఇంకొక కాగితం చూపించారు. ఒక మార్గంలో పోయే సరుకుల్లో పాతది ముందు, కొత్తది వెనక. సీనియారిటీ ప్రకారం. రోళ్ళు ఇప్పటికే ఒకసారి ఆ దారిలో ప్రయాణించి ఉన్నాయి. బియ్యం ఇంకా ఒక్కసారీ ప్రయాణించలేదు. పైగా రోళ్ళ కాగితాలన్నీ సిద్ధంగా ఉంటాయి, తేదీ మారిస్తే సరి. బియ్యానికి కొత్త కాగితం పుట్టాలి. రోళ్ళ కాగితాల మీద ముద్రలు పడేసరికి ఆఫీసు వేళ అయిపోతుంది.

మర్నాడు రోళ్ళు దిగాయి. సాయంత్రం రోళ్ళు ఎక్కాయి. ఆ మర్నాడూ అంతే. రోళ్ళకు రోజురోజుకూ సీనియారిటీ పెరుగుతోంది. బియ్యం మాత్రం జూనియర్‌గానే ఉండిపోయింది. సోములమ్మ రోలు పదకొండు ప్రయాణాలు పూర్తి చేసి అన్నిటికన్నా పైస్థానంలో నిలిచింది. ఆమె ఆ సంగతి చెప్పుకోకుండా ఉండలేకపోయింది. "మా రోలు లేకుండా బండి కదలదు. రుబ్బటానికి నాకే దొరకటం లేదు గానీ."

పైడమ్మ డ్రైవరు చేత కబురంపింది. "వొదినా, పొద్దున్నయ్యేసరికి నా వాకిట్లో ఇరవై నాలుగు రోళ్ళు, పొద్దుగుంకేసరికి ఒక్కటీ ఉండదు. ఇది రోళ్ళ పండగా, దెయ్యాల పెళ్ళా? సంతకాలు పెట్టి పెట్టి నా బొటనవేలు నీలం అయిపోయింది."

మరోపక్క రాజధానికి లెక్కలు పోతున్నాయి. ఈ మార్గంలో సరుకు రవాణా ఆరింతలైందనీ, ఖాళీ బండి ఒక్కటీ కనబడటం లేదనీ, ఆహారం తయారీకి సంబంధించిన పరికరాలే ప్రధాన సరుకు అనీ.

మృగశిరకు ఆరు రోజులుంది. వరహాలమ్మ కుండలో రెండు శేర్ల బియ్యం ఉంది. ఆమె లింగమూర్తి మేజా దగ్గరకు పోయి నిలబడింది. ఆ పాకలో రెండు పూటలా తినేవాళ్ళలో అతనూ ఒకడు.

"బాబూ, ఆ గిన్నె మాట నాదే కదా. నాను దాన్ని ఎనక్కి తీసుకుంటాను. అందులో ఇంకో సంగతి ఉండిపోనాది, సెప్పేస్తాను, మీరు రాసీండి."

లింగమూర్తి దిగులుగా చూశాడు. అతనికీ ఆ పూట పలచటి గంజే దక్కింది. "వీలు కాదమ్మా. ఉత్తర్వులో ఎక్కాక ఆ మాట మండలి ఆస్తి. దానికి అర్థం చెప్పే అధికారం సంచాలకుల స్థాయికి తక్కువ వారికి లేదు. నాకు లేదు, మీకసలే లేదు."

"నా నోట్లోంచి వచ్చిన మాటకి నానే అర్థం సెప్పకూడదా?"

"మీరు పంపేవారు మాత్రమేనమ్మా. అందుకున్నవారు వారు."

"పోనీ ఆ బాబుని ఒకపాలి రమ్మనండి."

"అధ్వాన్నంగా ఉన్న మార్గానికి వారు రారు, నోటీసు వస్తుంది. అద్భుతంగా ఉన్నదానికైతే స్వయంగా వచ్చి షీల్డు ఇస్తారు." అని, గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "మీది రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానానికి ఇంకో పదహారు ట్రిప్పులు చాలు" అన్నాడు.

ఆ ట్రిప్పుల కోసం తరువాతి రెండు రోజులూ రోళ్ళు దిగినట్టూ ఎక్కినట్టూ ఏ రోళ్ళూ ఏ కొండా దిగలేదు, ఎక్కలేదు. రోజుకు రెండుసార్లు. మలుపుల దగ్గర పొత్రాలు రోళ్ళలో తిరుగుతుంటే కొండంతా ఎవరో పిండి రుబ్బుతున్నట్టే ఉండేది. పిండి మాత్రం లేదు.

మూడో రోజు పొద్దున్నే ఎనిమిది లారీలూ రోళ్ళతో దిగిపోయాయి. తరువాత జగదభిరాంగారు వచ్చారు. ముందు ఒక చిన్న వ్యాను, అందులో మనిషెత్తు షీల్డు. వెనక జీపు. షీల్డు మీద పైకెక్కుతున్న లారీ ఒకటి, కిందికి దిగుతున్న లారీ ఒకటి, మధ్యలో నిండు గిన్నె. దాన్ని వ్యాను నుంచి దించి పాక ముందు నిలబెట్టి ఆయన ఉపన్యసించారు. స్థానగత ప్రతికూలతను స్థానగత ప్రతిభగా మార్చిన జీలుగుమెట్ట ప్రజలు దేశానికి ఆదర్శమన్నారు. ప్రజలు చప్పట్లు కొట్టారు, కానీ ఖాళీ కడుపు చప్పట్లకు మోత తక్కువ.

"ఇవాళ క్యారేజీ ఖాళీగానే తెచ్చుకున్నానమ్మా. ఈ శుభదినాన మీ చేతి భోజనమే చెయ్యాలని" అన్నారు ఆయన బల్ల మీద కూర్చుంటూ.

"బోజనం కింద ఉంది బాబూ" అంది వరహాలమ్మ.

"కిందా?"

"గోదాంలో. మా రోళ్ళకంటే అది జూనియరట."

ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి వేళ కూడా లేదు. పడమటి కొండ మీద మబ్బు పట్టింది. ఏడో మలుపు సంగతి ఆయన డ్రైవరు ఎక్కడో విని వచ్చాడు. "సార్, ఇప్పుడే దిగాలి, తడిస్తే దసరాకే" అని చెవిలో వేశాడు. ఆయన గబగబా జీపెక్కారు. ముందు వ్యాను బయల్దేరి వెదురు గడ దగ్గర ఆగింది.

గడ లేవలేదు.

"లోడేది సార్?" అన్నాడు లింగమూర్తి, నిలువుగా నిలబడి, సెల్యూట్ చేసి మరీ.

"లోడేమిటి? షీల్డు దించేశాం కదా!"

"దించేశారు కనుకనే సార్. సరుకుల వాహనం ఖాళీగా ఉంది."

"అయితే ఆ షీల్డునే మళ్ళీ ఎక్కించు."

"బహూకరించినది వెనక్కి పంపితే తిరస్కరణ కిందికి వస్తుంది సార్. దానికి వేరే ఫారం."

"రోళ్ళు?"

"అన్నీ కింద ఉన్నాయి సార్. సాయంత్రానికి ఎక్కుతాయి. వాన రాకపోతే."

వ్యాను ముందు గడ, వ్యాను వెనక జీపు, జీపు వెనక తిరగడానికి వీల్లేకుండా గవరయ్య ఖాళీ లారీ. ఉరుము ఒకటి దొర్లింది. జగదభిరాంగారు కాసేపు ఉత్తర్వు పుస్తకం తిరగేశారు. అందులో ప్రతి వాక్యమూ ఆయన రాసిందే. బయటికి దారి ఒక్కదానిలోనూ లేదు.

అప్పుడు వరహాలమ్మ జీపు దగ్గరకు వచ్చింది. "క్యారేజీ మరిసిపోనారు బాబూ" అని అందించింది. ఆయన అలవాటుగా కదిపారు. కటకటలాడింది. మూత తీశారు. నాలుగు గిన్నెల్లోనూ వెతికితే పై గిన్నెలో గోరంత బెల్లం.

"ఇంతేనా? ఇది ఖాళీ కిందే లెక్క."

"కాదు బాబూ. కళ్ళతో సూడండి, బెల్లం ఉంది."

"నిండా లేదే."

"నిండా ఇయ్యమని నాను ఎప్పుడన్నాను? ఖాళీగా ఇయ్యకూడదన్నాను. ఒకరు గిన్నెడు పులుసు పంపితే తిరిగి గిన్నెడు పంపడానికి అందరి కాడా ఉంటదా? లేనోళ్ళు కూడా బతకాల కదా. అందుకే చిటికెడు. పసుపైనా సరే, ఉప్పు రాయైనా సరే." ఆమె బెల్లాన్ని వేలితో చూపించింది. "గిన్నె నింపటానికి కాదు బాబూ అది. మళ్ళీ గిన్నె రావాలని. మాకీ మీకీ రాకపోకలు తెగిపోలేదని. ఈ ముక్క సెప్పటానికి పది రోజులై ఎదురు సూస్తన్నాను. ఊళ్ళో బియ్యం లేవు. వానొచ్చేస్తంది."

జగదభిరాంగారు బెల్లం వైపు చూశారు, మబ్బు వైపు చూశారు, గడ వైపు చూశారు. తప్పు జరిగిందని అనడం ఆయనకు శాఖాపరంగా సాధ్యం కాదు. కాసేపటికి ఆయన మొహం విప్పారింది.

"లింగమూర్తీ, రాసుకో. నిండుబండి ఉత్తర్వు మొదటి దశలో నిండుతనాన్ని సాధించాము. రెండో దశలో నిండుతనపు సారాన్ని సాధింతుము. ఇకపై కనీస బరువు ఒక చిటికెడు. చిటికెడు అనగా బొటనవేలు, చూపుడువేలు మధ్య ఇమిడినంత. ఎవరి వేళ్ళు అన్న విషయం పరిశీలనలో ఉన్నది."

ముద్ర ఆయన జేబులోనే ఉంది. క్యారేజీలోని బెల్లాన్ని వ్యానులో పెట్టి, పంపేవారు వరహాలమ్మ అని, అందుకునేవారు జగదభిరాం అని రాసి, ముద్ర వేసి, గడ ఎత్తారు. వ్యానూ, జీపూ మలుపులు తిరుగుతూ దిగిపోయాయి.

గవరయ్య అప్పటికే లారీ ఎక్కి ఇంజను వేశాడు.

"సరుకు?" అన్నాడు లింగమూర్తి. అతని గొంతు మొదటిసారి సవరించుకోకుండానే బాగుంది.

వరహాలమ్మ లోపలికి పరుగెత్తి తన చిన్న ఇత్తడి గిన్నెలో చిటికెడు పసుపు వేసి తెచ్చింది.

"అందుకునేవారు?"

"ఈయనే. గవరయ్య."

"తోలేవాడూ అందుకునేవాడూ ఒకరేనా?" లింగమూర్తి పుస్తకం చూశాడు. "నిషేధం లేదు. పాత్ర తిరిగి రావలెనా, అక్కర్లేదా? ఇక్కడొక గడి ఉంది."

వరహాలమ్మ ఆ గడి వైపు వంగి చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇలాంటి గడి ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పన్న దిగిన రోజున కూడా ఎవరైనా ఇలా అడిగి రాసుకుని ఉంటే బాగుండేది.

"రావలెను అని రాయండి బాబూ. గట్టిగా రాయండి."

రోళ్ళ సంగతి పైడమ్మతోనే తేలిపోయింది. "ఆటిని మళ్ళీ పంపకు పైడమ్మా, నీ వాకిట్లోనే ఉండనీ" అని వరహాలమ్మ గవరయ్య చేత కబురంపింది. పంపేవారు లేకపోతే అవి సరుకే కావు. సరుకు కాకపోతే సీనియారిటీ లేదు. అలా ఇరవై నాలుగు రోళ్ళూ ఒక్కపూటలో పదవీ విరమణ చేశాయి. గెడ్డపాలెం గోదాములో ఆ క్షణాన అందరికంటే సీనియర్ బియ్యమే.

మబ్బు ఆ రోజుకు బెదిరించి పోయింది. మూడు రోజులు లారీలు చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు దించాయి, బస్తాలు ఎక్కించాయి. పప్పూ నూనే ఉప్పూ వచ్చేశాయి. బియ్యం సగానికి పైగా వచ్చాయి. చివరి ఎనభై బస్తాలకు నాలుగో రోజు పొద్దున్న గవరయ్య దిగాడు. ఏడో మలుపు దగ్గర హారన్ కొట్టాడు. ఆమె లోపలికి వచ్చింది. మధ్యాహ్నానికి వాన మొదలైంది.

సన్నగా కాదు, కుండపోతగా. లింగమూర్తి టార్పాలిన్ కింద నిలబడి కొండవాలు వైపే చూస్తున్నాడు. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఇక్కడే ఉండమని అతని కాగితంలో ఉంది. ఆ ఉత్తర్వులు ఇప్పుడు వచ్చినా కొండెక్కలేవు. వరహాలమ్మ చెంగు నెత్తిన కప్పుకుని మలుపు దగ్గర నిలబడింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. బియ్యం కడిగి పెట్టి కూడా అందులో పొయ్యడానికి ఆమె వెళ్ళలేదు.

వాన చప్పుడులో చాలాసేపు ఏమీ వినపడలేదు. తరువాత ఏడో మలుపు దగ్గర హారన్ మోగింది. ఎప్పుడూ పోయేటప్పుడు వినే హారనే. వచ్చేటప్పుడు అతను ఎన్నడూ కొట్టలేదు. ఒకసారి కాదు, ఆపకుండా కొడుతూనే ఎనిమిదో మలుపు తిరిగాడు, తొమ్మిదోది తిరిగాడు. వెనక ఎక్కడో కొండ దబ్బున జారిన చప్పుడైంది.

గవరయ్య దిగి, తడిసిన చొక్కాలోంచి ఇత్తడి గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టాడు. మూత తీస్తే అడుగున నాలుగు బియ్యపు గింజలున్నాయి.

"ఖాళీగా ఇయ్యకూడదంట కదా" అన్నాడు.

లింగమూర్తి పుస్తకం తెరిచి, వాన చినుకులు పడకుండా ఒంగుని, శ్రద్ధగా రాశాడు. "పాత్ర తిరిగి వచ్చినది. సరుకు, బియ్యం నాలుగు గింజలు. తోడుగా ప్రయాణించినవి ఎనభై బస్తాలు."

ఆ సాయంత్రం ఊరంతా పొయ్యిలు వెలిగించారు. పచ్చడి నూరుకోవడానికి ఏ ఇంట్లోనూ రోలు లేదు. దసరాదాకా ఉండదు కూడా. ఉత్త అన్నం, పప్పు. వరహాలమ్మ ఆ నాలుగు గింజల్నీ ముందుగా ఎసట్లో వేసి, ఆ తరువాత మిగతా బియ్యం పోసింది. అన్నం ఎప్పటిలాగే కొంచెం మాడింది.

"ఉప్పు డబ్బా మళ్ళీ ఎడమవైపు పెట్టీసినావేటే?" అన్నాడు గవరయ్య, మంచం వాల్చుకుంటూ.

నాలుగు నెలలు ఇక అతను ఎక్కడికీ దిగడు. వరహాలమ్మ డబ్బాను కుడివైపుకు జరిపింది.